పదమూడో ఛానల్

మేముండే భవనాన్ని గ్దాన్స్క్‌లో అందరూ అల అంటారు.
మెలికలు తిరిగిన కాంక్రీటు.
ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే ఒక సిగరెట్ అయిపోతుంది,
గాలి ఎదురైతే రెండు.

నవంబరు. నాలుగింటికే చీకటి.
కింది ఇంటి బొగుమిలా వచ్చి తలుపు కొట్టింది:
"జెమోవిత్, నీ కంప్యూటర్ చదువు ఏపాటిదో చూద్దాం, రా."

చికాగో నుంచి అక్క కూతురు పంపిన లాప్‌టాప్.
మూత మీద ఎవరిదో స్టిక్కర్ గీకిన మచ్చ.
పొద్దున బాగానే ఉంటుందట.
దీపాలు పెట్టే వేళకి
తనింటి వైఫై తప్ప
లోకంలో వైఫైలన్నీ కనిపిస్తాయట.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను.
రూటర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను.
ఆకుపచ్చ దీపం, ఆకుపచ్చ దీపం,
కాస్త ఆలోచించుకుని ఇంకో ఆకుపచ్చ దీపం.
తిరగేసి అడుగున పాస్‌వర్డ్ చదివాం.
అది సున్నానా, ఓ అక్షరమా?
ఒకే కళ్ళద్దాలు ఇచ్చి పుచ్చుకుంటూ వాదించుకున్నాం.
ఈ నెట్‌వర్క్‌ని మరిచిపో అంటే మరిచిపోయింది,
గుర్తు తెచ్చుకో అనడానికి మాత్రం బటన్ లేదు.
కంపెనీకి ఫోన్ చేస్తే
పద్దెనిమిది నిమిషాలు పియానో వినిపించి
ఆపి మళ్ళీ పెట్టి చూడమన్నారు.

తీగ పెడితే పరుగెడుతుంది.
తీగ పీకితే మొరాయిస్తుంది.
నా ఫోన్‌కి కనిపించేది దీనికి కనిపించదు.
రెంటినీ ముక్కుకి ముక్కు ఆనించి కూర్చోబెట్టినా
చెవిటివాడి ముందు శంఖమే.

ఆవిడ గ్లాసులో టీ తెచ్చింది, నిమ్మచెక్క వేసి.
ముప్పై ఒక్కేళ్ళు షిప్‌యార్డులో క్రేన్ నడిపిన మనిషి.
ఆ చేతులు ఇప్పటికీ బల్ల మీద
లేని లీవర్లు పట్టుకున్నట్టే ఉంటాయి.
"పై దేశం క్రేన్ ఒకటి వచ్చింది మాకు," అంది.
"రేడియోలో ఎంత అరిచినా పలకదు.
ఇంజినీర్లు రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నారు.
వినపడక కాదు నాయనా,
మేం మాట్లాడే ఛానల్ దాని డబ్బాలో లేనే లేదు.
చేసినవాళ్ళకి ఆ గీతతో పనిలేదు,
గీయకుండానే పంపారు."

నేను చెంచా కింద పెట్టాను.
రూటర్ లోపలి పేజీ తెరిచి చూశాను.
పొద్దున ఆరో ఛానల్.
సాయంత్రం, జనం పనులు దిగి
అల అంతటా ఒక్కసారే సినిమాలు పెట్టుకునేసరికి
ఆ ఇరుకు భరించలేక
పదమూడుకి పోయి ఒంటరిగా కూర్చుంటోంది.
మా దగ్గర పదమూడంటే ఖాళీ స్థలం.
అమెరికాకని చేసిన యంత్రానికి పదకొండే పొలిమేర.
దాని తర్వాత దానికి నిశ్శబ్దం కూడా లేదు,
అంకెలే లేవు.

పదకొండుకి కట్టేశాను. కదలకు అన్నాను.
ఇరుకే. నత్తనడకే.
కానీ కనిపించింది.

మిగతా పేర్లూ చదవమంది ఆవిడ,
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని.
నలభై ఏడు ఇళ్ళు గోడల్లోంచి వచ్చి వరసలో నిలబడ్డాయి.
"పిల్లి పేరు పాస్‌వర్డ్ కాదు."
"అడిగితే ఇస్తా."
"అడగొద్దు."
"నాన్న గది."
"సైకిల్ గాడిదా, మెట్లు వదులు."

అక్కడ ఆపించి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.
"ఎవడిదో ఆ సైకిల్!
ఎన్నాళ్ళ నుంచి కేకేస్తున్నారో పాపం."

టీ చల్లారిపోయింది. ఒక్క గుక్కలో తాగేశాను.
నా ఫోన్ రోజూ నా ఇంటి పేరు దగ్గరే ఆగిపోతుంది,
కిందికి జరిపి చూసింది లేదు.

ఆ రాత్రి సైకిల్ని భుజానికెత్తుకుని
మూడంతస్తులు ఎక్కాను.
మలుపులో చక్రం తగిలి
గోడ మీద నల్లగా ఓ గీత పడింది.
తుడవాలి, రేపు.